గవ్వ: డబ్బుగా చెలామణి అయిన సముద్రపు నత్త

గవ్వ ఒక సముద్రపు నత్త పెంకు. ఉష్ణమండల సముద్రాల్లో గవ్వనత్తల జాతులు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో ఒక చిన్న జాతి మాత్రం సముద్రం ముఖమే చూడని ఊళ్ళలో కూడా వందల ఏళ్ళు చేతులు మారింది. దాని శాస్త్రీయ నామం మోనిటేరియా మోనిటా. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1758లో దీన్ని సైప్రియా మోనిటా పేరుతో నమోదు చేశాడు. తరవాతి వర్గీకరణలో ఇది మోనిటేరియా ప్రజాతికి మారింది, కుటుంబం మాత్రం సైప్రియిడే అనే పాతదే. అష్టాచెమ్మాలో వేసే గవ్వలు, లంబాడీ స్త్రీల దుస్తులకు కుట్టే గవ్వలు, లక్ష్మీపూజలో పెట్టే గవ్వలు చాలావరకు ఈ జాతివి, లేదంటే దీనికి దగ్గరి జాతి అయిన ఉంగరపు గవ్వలు. ఆసియా, ఆఫ్రికా ఖండాల్లో ఇంతమంది ఇంతకాలం డబ్బుగా వాడిన ప్రాణి శరీరభాగం మరొకటి లేదు.

ఇది ఎలా జరిగిందన్న ప్రశ్నకు తరచు వినిపించే జవాబు గవ్వ అందం, లేదా దాని ఆకారానికి జనం ఆపాదించిన మహిమ. ఈ జవాబు చాలదు. గవ్వ డబ్బు కావడానికి మూడు విషయాలు కలిసి రావలసి వచ్చింది. నత్త పెరిగే తీరు గవ్వలన్నిటినీ ఇంచుమించు ఒకే పరిమాణంలో తయారుచేసి పెట్టింది. గవ్వ దొరికే చోటుకూ చెల్లే చోటుకూ మధ్య ఉన్న సముద్రం దాన్ని మితంగా సరఫరా చేసింది. పాలకులు దాన్ని పన్నుగా పుచ్చుకోవడం గిరాకీని నిలబెట్టింది. మొదటిది ప్రకృతి పని, తక్కిన రెండూ మనుషుల పనులు. గవ్వ విలువ పడిపోయిన ప్రతిచోటా చెడింది మనుషుల ఏర్పాటే. నత్తలో ఏ మార్పూ రాలేదు.

రూపం, పెరుగుదల

ఎదిగిన గవ్వ సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది. ఒక సెంటీమీటరు దగ్గరే ఆగిపోయినవీ, నాలుగు దాటినవీ అరుదు. వీపు ఉబ్బెత్తుగా, లేత పసుపు రంగులో ఉంటుంది. కొన్నిటి మీద బూడిద రంగు పట్టీలు అడ్డంగా కనిపిస్తాయి. అంచులు దళసరిగా ఉండి బొడిపెలు దేలడం వల్ల పైనుంచి చూస్తే నున్నని గుండ్రం కాక మూలలు తేలిన ఆకారం కనిపిస్తుంది. ఉంగరపు గవ్వకు ఈ మూలలు ఉండవు. అది కోలగా, నునుపుగా ఉండి వీపు మీద నారింజ రంగు వలయం కలిగి ఉంటుంది. గవ్వను వెల్లకిలా తిప్పితే తెల్లని అడుగుభాగం, దాని నడుమ ఈ కొస నుంచి ఆ కొసకు సన్నని చీలిక, చీలికకు రెండు పక్కలా సుమారు డజను చొప్పున పళ్ళు కనిపిస్తాయి. ఇవి నమిలే పళ్ళు కావు, పెంకులోనే ఏర్పడిన గట్లు. చాలా సముద్రపు నత్తలకు ద్వారాన్ని బిగించే మూత ఉంటుంది. గవ్వనత్తకు అది లేదు. నత్త లోపలికి ముడుచుకున్నాక పళ్ళున్న ఆ ఇరుకు సందే పీతనూ చేపనూ బయట ఆపుతుంది.

గవ్వకు ఉన్న మెరుపు ఎవరో సాన పట్టి తెచ్చింది కాదు. నత్త శరీరాన్ని కప్పి ఉండే ప్రావారం అనే పలచని కండపొర రెండు మడతలుగా బయటికి వచ్చి, పెంకును రెండు పక్కల నుంచీ పైకి కప్పేస్తుంది. బతికున్న గవ్వనత్త తిరుగాడుతున్నప్పుడు పెంకు సరిగా కనబడదు, నల్లని చారలున్న ఈ కండపొరే కనబడుతుంది. మిగతా నత్తల పెంకుల మీద నాచు, గుల్లలు పట్టి గరుకుదేలితే, గవ్వ మీద వాటికి చోటు దొరకదు. ప్రావారం ఎప్పటికప్పుడు కొత్త పూత వేస్తూనే ఉంటుంది. కదిపితే మడతలు లోపలికి జారిపోయి నిగనిగలాడే వీపు బయటపడుతుంది. చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చిన గవ్వ ఈ మెరుపు కోల్పోయి పేలవంగా ఉంటుంది. అందుకే వ్యాపారానికి బతికున్న నత్తలనే ఏరేవారు.

మన వాదనకు అన్నిటికన్నా ముఖ్యమైనది దీని పెరుగుదల. మామూలు నత్త బతికినంత కాలం పెంకు అంచుకు కొత్త పొరలు చేర్చుకుంటూ పోతుంది. అలాంటి నత్తలను ఒక గంపెడు ఏరితే గింజంతటి వాటి నుంచి గుప్పెడంతటి వాటి దాకా అన్ని పరిమాణాలూ ఉంటాయి. గవ్వనత్త చిన్నప్పుడు అలాంటిదే: పలచని పెంకు, చివర మెలిక, వెడల్పాటి నోరు, పదునైన పెదవి. ఆ దశలో చూసినవారు దాన్ని గవ్వ అనుకోరు. ఎదుగుదల ఒక స్థాయికి వచ్చాక బయటి పెదవి లోపలికి చుట్టుకుంటుంది. అంచు దళసరెక్కుతుంది, పళ్ళు ఏర్పడతాయి, చివరనున్న మెలిక పూత కింద కప్పబడిపోతుంది. ద్వారం అలా మూసుకుపోయాక పెంకు పొడవు పెరిగే దారి లేదు. ఆ తరవాత జరిగేదల్లా పెంకు మందం కావడమే. కాబట్టి పళ్ళు వచ్చిన గవ్వ ఏదైనా అప్పటికే తన తుది పరిమాణానికి చేరినట్టు లెక్క. ఒక దీవి దగ్గర ఏరిన గవ్వల కుప్పలో పొడవు, బరువు స్వల్పంగానే తేడా పడతాయి. బరువు ఒక గ్రాము, లేదా దానికి కాస్త పైన.

ఈ సమానత్వం వల్ల కలిగిన సౌకర్యం తక్కువది కాదు. కొద్ది గవ్వలను లెక్కపెట్టవచ్చు. ఎక్కువైతే తూచవచ్చు, ఇంకా ఎక్కువైతే బుట్టతో కొలవవచ్చు. మూడు పద్ధతుల్లోనూ జవాబు దాదాపు ఒకటే వస్తుంది. పెంకు కాల్షియం కార్బొనేట్‌తో తయారైంది కాబట్టి తుప్పు పట్టదు, కుళ్ళదు, పురుగు తినదు. చేతులు మారిన కొద్దీ పసుపు వన్నె తగ్గి తెల్లబడుతుందే తప్ప సులువుగా పగలదు. దొంగనాణెం వేసినట్టు దొంగగవ్వ చేయడం లాభసాటి కాదు. ఒక్కో గవ్వ విలువ ఎంత స్వల్పమంటే, నకలు చెక్కే కూలి అసలుకు మించిపోతుంది. టంకసాలలో ఎంతో ఖర్చుపెట్టి సాధించే గుణాలను ఈ నత్త సముద్రం అడుగున ఉచితంగా సమకూర్చింది.

ఆవాసం, జీవనం

ఈ జాతి ఎర్ర సముద్రం, ఆఫ్రికా తూర్పు తీరం మొదలుకొని హిందూ మహాసముద్రం, పసిఫిక్ దీవుల మీదుగా అమెరికా ఖండపు పడమటి తీరానికి చేరువలో ఉన్న గలాపగోస్ దాకా వ్యాపించి ఉంది. భారతదేశంలో లక్షదీవులు, అండమాన్ నికోబార్ దీవులు, మన్నార్ సింధుశాఖ దీని నెలవులు. గోదావరి, కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రుతో, ఇసుకతో నిండిన ఆంధ్ర తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు కాబట్టి ఇక్కడ ఈ జాతికి అనువైన చోటు తక్కువ. పోటుకు మునిగి ఆటుకు తేలే మేరలోనూ, దాని పక్కనున్న లోతు లేని నీళ్ళలోనూ, రాళ్ళ కిందా చచ్చిన పగడపు ముక్కల కిందా పగలు దాగి ఉంటుంది. చీకటి పడ్డాక ఎక్కువగా బయటికి వచ్చి రాతి మీది నాచును మేస్తుంది. మేత గీరుకోవడానికి నాలుకలాంటి రాడ్యులా ఉంటుంది.

ఆడ, మగ వేరువేరు. ఆడనత్త గుడ్ల సంచులను రాయికి అంటించి, పిల్లలు బయటపడే దాకా వాటి మీదే కూర్చుని కాపలా కాస్తుంది. బయటపడిన వెలిజర్ డింభకాలు నీటి మీద తేలుతూ ప్రవాహాల వెంట కొట్టుకుపోయి, అనువైన చోట అడుగుకు దిగి పెంకు పెంచుకుంటాయి. ఇంత విశాలమైన వ్యాప్తికి కారణం ఈ తేలే దశే. చోటును బట్టి రూపంలో కొంత తేడా ఉంటుంది. న్యూ కాలెడోనియా దగ్గర దొరికే కొన్ని గవ్వలు నల్లగా మారి, కొసలు ముక్కులా పొడుగుసాగి ఉంటాయి. మాల్దీవుల గవ్వలు పరిమాణంలో చిన్నవి. ఈ చిన్నతనం అక్కడి వ్యాపారానికి బలమైంది. ఒకే బరువులో ఎక్కువ గవ్వలు పట్టేవి, లెక్క గవ్వల సంఖ్యను బట్టే గాని బరువును బట్టి కాదు.

మాల్దీవులు: గవ్వల గని

ప్రపంచంలో సగం ఉష్ణమండల సముద్రంలో దొరికే నత్తకు మాల్దీవులే ముఖ్య కేంద్రం ఎందుకయ్యాయి? నత్తను చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు, దీవులను చూడాలి. ఆ దీవులు వెయ్యికి పైగా ఉన్న పగడపు ముక్కలు. వాటి మధ్య లోతు లేని ఉప్పునీటి మడుగులు. గవ్వలకు అంతకు మించిన చోటు లేదు. అదే పగడపు ఇసుకలో వరి పండదు. తిండిగింజలు బయటి నుంచి రావాలి. బెంగాలు ఓడలు బియ్యం తెచ్చి గవ్వలు పట్టుకుపోయేవి. పైగా దీవులు అరేబియా, భారతదేశం, ఆగ్నేయాసియాల మధ్య నడిచే ఓడల దారిలో ఉన్నాయి. గవ్వలు సమృద్ధిగా ఉన్న చోట్లు మరెన్నో ఉన్నా, సమృద్ధి, బియ్యం కొరత, ఓడల దారి మూడూ కలిసిన చోటు ఇది.

తొమ్మిదో శతాబ్దం నుంచీ అరబ్బు రచయితలు ఈ వ్యాపారాన్ని ప్రస్తావించారు. నీళ్ళలో కొమ్మలు పరిచి వాటిని పట్టుకున్న నత్తలను పైకి తీస్తారని పదో శతాబ్దపు అల్ మసూదీ రాశాడు. కొబ్బరి మట్టల సంగతి అల్ బిరూనీ చెప్పాడు. 1602లో ఓడ పగిలి మాల్దీవుల్లో చిక్కుకుని 1607 దాకా అక్కడే ఉన్న ఫ్రెంచి యాత్రికుడు పిరార్ ద లావల్ మరింత వివరంగా రాశాడు. అమావాస్యకూ పున్నమికీ ముందు, తరవాత మూడేసి రోజులు ఆడవాళ్ళు నడుంలోతు నీళ్ళలో దిగి గవ్వలు ఏరేవారు. ఆ రోజులనే ఎంచుకోవడంలో అర్థం ఉంది: ఆటు ఎక్కువగా తీసేది అప్పుడే, మామూలు రోజుల్లో అందని రాళ్ళు అందేదీ అప్పుడే. ఏరిన గవ్వలను ఇసుకలో పూడ్చి, మాంసం కుళ్ళిపోయాక తీసి కడిగి, కొబ్బరాకు బుట్టల్లో పన్నెండు వేల చొప్పున కట్టేవారు. ఒక్క ఏడాదిలో ముప్పై నలభై ఓడలు గవ్వలతోనే నిండి బెంగాలుకు పోవడం చూశానని పిరార్ రాశాడు.

దూరం విలువను ఎలా మార్చిందో చెప్పడానికి ఇబ్న్ బతూతా కన్నా మంచి సాక్షి లేడు. ఆయన 1343-44లో మాల్దీవుల్లో న్యాయాధికారిగా ఉన్నాడు, 1352-53లో పశ్చిమాఫ్రికాలోని మాలి రాజ్యం చూశాడు. మాల్దీవుల్లో ఒక బంగారు దీనారుకు నాలుగు లక్షల గవ్వలు వచ్చేవి, ధర పడినప్పుడు పన్నెండు లక్షల దాకా వచ్చేవి. మాలి, గావో ప్రాంతాల్లో దీనారుకు 1,150 గవ్వలే. రెండు చోట్లా దీనారు తూకం సరిగ్గా ఒకటే కాకపోయినా, విలువ మూడు వందల యాభై రెట్ల నుంచి వెయ్యి రెట్ల దాకా పెరిగిందని దీన్నిబట్టి తేలుతుంది. అదే నత్త, అదే పెంకు. మధ్యలో చేరిందల్లా సముద్రమూ ఎడారీ. యెమెన్ ఓడలవాళ్ళు ఓడ నిలకడ కోసం అడుగున ఇసుకకు బదులు గవ్వలు పోసుకునేవారనీ ఆయన రాశాడు. అంటే సముద్రం మీద మోత ఖర్చు దాదాపు లేనట్టే. లాభం మాత్రం పూర్తిగా మిగిలేది.

భారతదేశంలో చెలామణి

అయిదో శతాబ్దం మొదట్లో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్, ఉత్తర భారతంలోని మధ్యదేశంలో జనం అమ్మకాలు కొనుగోళ్ళకు గవ్వలు వాడతారని రాశాడు. పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు లీలావతి గణితంలో ఇచ్చిన నాణేల పట్టిక గవ్వతోనే మొదలవుతుంది. ఇరవై గవ్వలు ఒక కాకిణి, నాలుగు కాకిణులు ఒక పణం, పదహారు పణాలు ఒక ద్రమ్మం. అంటే ద్రమ్మానికి 1,280 గవ్వలు. బెంగాలు, ఒడిశాల్లో నాలుగు గవ్వలు ఒక గండా, ఇరవై గండాలు ఒక పణం, పదహారు పణాలు ఒక కాహణం. ఇదీ 1,280కే వస్తుంది. మధ్యలో మెట్లు మారినా చివరి లెక్క మారలేదు. గణితగ్రంథం మొదటి పాఠంలో గవ్వ ఉందంటే ఇది అడవి మనుషుల అలవాటు కాదు, లెక్కలు తెలిసిన సంత వ్యవహారం.

వెండి నాణెం ఉన్న దేశంలో గవ్వ ఎందుకు? వెండి నాణెం పెద్దది కాబట్టి. నాలుగు కాహణాలకు ఒక రూపాయి లెక్కన రూపాయికి 5,120 గవ్వలు. పిడికెడు కూర, చెంబుడు పాలు కొనే మనిషికి రూపాయితో పని పడదు. అంత చిన్న విలువకు రాగి నాణెం వేస్తే ముద్రించే ఖర్చే ఎక్కువ. గవ్వ ఆ లోటు తీర్చింది. కాబట్టి గవ్వా రూపాయీ పోటీ పడలేదు. పైమెట్టు వ్యవహారం వెండిది, కిందిమెట్టు గవ్వది. దక్షిణాదిలో చిన్న రాగి కాసులు, సన్నని బంగారు పణాలు సమృద్ధిగా చెలామణి అయ్యాయి. తెలుగు నేల మీద గవ్వ బెంగాలులో అయినంతగా డబ్బు కాకపోవడానికి కారణం అదే. కిందిమెట్టు ఖాళీగా లేని చోట గవ్వకు పని దొరకలేదు.

పద్దెనిమిదో శతాబ్దం చివర బెంగాలులోని సిల్హెట్‌లో ఈ ఏర్పాటు బలమూ బలహీనతా రెండూ బయటపడ్డాయి. 1778 నుంచి అక్కడ ఈస్టిండియా కంపెనీ అధికారిగా ఉన్న రాబర్ట్ లిండ్సే రాసిన జ్ఞాపకాల ప్రకారం, జిల్లా పన్ను రెండున్నర లక్షల రూపాయలు గవ్వల్లో వచ్చేది. రూపాయికి 5,120 లెక్కన అది 128 కోట్ల గవ్వలు. వాటికోసం పెద్ద పెద్ద గోదాములు కట్టాలి, పడవల్లోకి ఎక్కించి కాపలాతో ఢాకా పంపాలి, అక్కడ వేలం వేసి వెండిగా మార్చాలి. ఇందులో నూటికి పది వంతులు నష్టం. ఒక రూపాయి వెండి పదకొండు గ్రాముల పైచిలుకు. దానికి సరిపడే గవ్వలు అయిదు కిలోలు దాటతాయి. చిల్లరకు ఇంతటి అనుకూలమైన వస్తువు, పెద్ద మొత్తాలకు అంత ఇబ్బందికరం. దూరాన ఉన్న ఖజానాకు వెండిగా డబ్బు చేర్చాలనుకునే ప్రభుత్వం వచ్చిన రోజున గవ్వకు చిక్కు తప్పదు.

ఆ చిక్కు ఒడిశాలో వచ్చింది. మరాఠాల కాలంలో అక్కడి రైతు పన్ను గవ్వల్లో కట్టేవాడు. 1803లో కంపెనీ ఒడిశాను స్వాధీనం చేసుకున్నాక పన్ను వెండి రూపాయల్లోనే కట్టాలంది. సర్కారు లెక్క ప్రకారం రూపాయికి నాలుగు కాహణాలు. కాని అందరూ ఒక్కసారి వెండి కోసం ఎగబడేసరికి బజారులో రూపాయి ఆరేడు కాహణాలకు ఎక్కింది. పంట అమ్మి గవ్వలు తెచ్చుకున్న రైతు, పన్ను రేటు పెరగకుండానే సగానికి సగం ఎక్కువ కట్టవలసి వచ్చింది. ఉప్పు ధర పెరగడం, పైకులనే స్థానిక సైనికుల మాన్యాలు పోవడం తోడై 1817లో ఖుర్దాలో బక్షీ జగబంధు నాయకత్వాన తిరుగుబాటు జరిగింది. ఇక్కడ గవ్వలు ఎక్కువై విలువ పడిపోలేదు. పుచ్చుకునేవాడు పుచ్చుకోనన్నాడు, అంతే.

పశ్చిమాఫ్రికా: బానిస వ్యాపారం, వరద

పదహారో శతాబ్దం నుంచి యూరపు ఓడలు ఈ వ్యాపారంలోకి దిగాయి. మాల్దీవుల గవ్వలు బెంగాలు, సింహళ రేవుల మీదుగా ఓడల అడుగుబరువుగా ఆమ్‌స్టర్‌డామ్, లండన్ చేరి, అక్కడ వేలంలో అమ్ముడై, మళ్ళీ ఓడలెక్కి గినియా తీరానికి వెళ్ళేవి. అక్కడ వాటితో మనుషులను కొన్నారు. ఉయిదా వంటి రేవుల్లో బానిసకు చెల్లించే సరుకుల్లో గవ్వలు ముఖ్యమైనవి. 1700 నుంచి 1790 దాకా ఇంగ్లీషు, డచ్చి వర్తకులు అక్కడికి చేర్చినవి దాదాపు వెయ్యి కోట్ల గవ్వలని చరిత్రకారుల అంచనా. మాల్దీవుల ఆడవాళ్ళు ఏరింది మరొక ఖండంలో మనుషుల ధర అయింది. ఏరినవారికి ఆ సంగతి తెలిసే దారి లేదు. లాభం తీసిన వర్తకులకు మాత్రం ప్రతి మజిలీ తెలుసు. గవ్వను వింత డబ్బుగా ముచ్చటించేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టడం చరిత్రకు అన్యాయం.

పశ్చిమాఫ్రికాలో చాలాచోట్ల గవ్వలకు చిల్లు పొడిచి నలభై చొప్పున దారానికి గుచ్చేవారు. యాభై దండలు ఒక తల, పది తలలు ఒక బస్తా, అంటే ఇరవై వేలు. మాల్దీవుల చిన్న గవ్వలైతే బస్తా ఇరవై కిలోలు దాటుతుంది, ఒక మనిషి నెత్తిన మోసే బరువు. బానిస వ్యాపారం సన్నగిల్లి పామాయిల్ వ్యాపారం పుంజుకున్నాకా గవ్వలకు గిరాకీ తగ్గలేదు. ఆ గిరాకీ చూసి 1840ల మధ్య నుంచి హాంబర్గు వర్తకులు ఒక కొత్త దారి తొక్కారు. మాల్దీవుల దాకా పోకుండా తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్ తీరంలో గుట్టలుగా దొరికే ఉంగరపు గవ్వలను నింపుకుని పశ్చిమ తీరంలో దించారు. కొద్ది దశాబ్దాల్లో కోట్లకు కోట్లు వచ్చిపడ్డాయి. విలువ దిగజారింది. పైగా ఈ గవ్వ పెద్దది, బరువైనది. అంతకంతకూ తక్కువ విలువకు ఎక్కువ బరువు మోయవలసి వచ్చింది, కూలి ఖర్చే సొమ్మును తినేసింది. ఆ తరవాత వలస ప్రభుత్వాలు పన్నుకు గవ్వలు ఒప్పుకోలేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో బ్రిటిష్ దక్షిణ నైజీరియాలో దిగుమతినే నిషేధించారు. దాచుకున్న గవ్వలకు బదులు నాణేలు చాలామందికి దక్కలేదు.

అభ్యంతరాలు

గవ్వ అందమే, లేదా సంతానానికి గుర్తుగా జనం దాన్ని చూడడమే అసలు కారణమని వాదించేవారున్నారు. గవ్వలను మొలతాళ్ళకు, తొట్టెళ్ళకు, దేవతల హారాలకు కట్టే ఆచారాలు ఎన్నో దేశాల్లో ఉన్న మాట నిజం. అయితే గవ్వ జాతుల్లో ఇంతకన్నా అందమైనవి డజన్ల కొద్దీ ఉన్నాయి. పులిచుక్కల గవ్వ పెద్దది, చుక్కలతో కళ్ళు చెదరగొడుతుంది. నారింజ వన్నె బంగారు గవ్వ ఫిజీలో నాయకుల ఆభరణం. ఈ రెండూ డబ్బు కాలేదు. ప్రత్యేకంగా కనిపించేవి కాబట్టి అలంకారాలయ్యాయి. డబ్బు కావలసిన వస్తువుకు ప్రత్యేకత ఉండకూడదు, ఒకదాని బదులు మరొకటి ఇచ్చినా పుచ్చుకునేవాడికి తేడా తెలియకూడదు. అందంలో వెనకబడిన మోనిటా ఈ పరీక్షలో ముందుంది.

రెండో అభ్యంతరం చైనా నుంచి వస్తుంది. అన్యాంగ్ దగ్గర 1976లో తవ్విన ఫూ హావ్ రాణి సమాధిలో దాదాపు ఏడు వేల గవ్వలు దొరికాయి. అది షాంగ్ వంశపు కాలంలో, క్రీస్తుపూర్వం 1200 ప్రాంతం నాటిది. సముద్రానికి అంత దూరాన అంత పూర్వమే గవ్వ డబ్బైతే, ఓడల దారి, పన్ను వంటి మాటలకు చోటెక్కడ? కాని సమాధిలో పెట్టడం, రాజు సేవకుడికి బహూకరించడం విలువకు సాక్ష్యాలే గాని చెలామణికి కావు. షాంగ్ కాలపు గవ్వలు డబ్బా, విలువైన కానుకలా అన్నదాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. నాకు రెండోదే నమ్మదగినదిగా తోస్తుంది. ఎముకతో, రాతితో, కంచుతో గవ్వ నకళ్ళు అక్కడ తయారయ్యాయి. నకలు చేసే శ్రమకు విలువ గిట్టిందంటే అసలు గవ్వ ఎంత అరుదో తెలుస్తుంది. అరుదైతే గవ్వ నిధి అవుతుంది, అతిగా దొరికితే గులకరాయి అవుతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్నచోటే డబ్బవుతుంది. చైనాలో ఆ నడిమి స్థానం తరవాతి కాలపు యున్నాన్‌కు దక్కింది. అక్కడ బెంగాలు, బర్మాల దారిన వచ్చిన గవ్వలు పదిహేడో శతాబ్దం దాకా చెల్లాయి.

గవ్వలు కుప్పలుగా దొరికే మాల్దీవుల్లోనూ అవి డబ్బుగా చెల్లాయి కదా, దూరం వాదన అక్కడ నిలవదు కదా అని మూడో అభ్యంతరం. ఇదే అన్నిటిలోకీ బలమైనది. అయితే మాల్దీవుల గవ్వకు విలువ ఇచ్చింది దీవుల లోపలి గిరాకీ కాదు, బియ్యంతో వచ్చే ఓడ. గవ్వ ఇస్తే బియ్యం వస్తాయన్న నమ్మకం ఉన్నన్నాళ్ళు ఇరుగుపొరుగుల మధ్యా అది చెల్లుతుంది. దీనారుకు పన్నెండు లక్షల దాకా పడిపోవడం ఆ విలువ ఓడల రాకపోకల మీద ఎంతగా ఆధారపడిందో చెబుతుంది. దూరం లేని చోట గవ్వ చెల్లింది, కాని దూరపు గిరాకీ మీద ఆనుకుని చెల్లింది.

ఉంగరపు గవ్వకూ ఇదే పెరుగుదల, ఇవే పళ్ళు, ఇదే మెరుపు ఉన్నాయి, మరి అదే డబ్బును ముంచిందే అని నాలుగో అభ్యంతరం. ఇది మన వాదనకు ఎదురు కాదు, అండ. జీవలక్షణాలు ఒక వస్తువును డబ్బు కావడానికి అర్హమైనదిగా చేస్తాయి, అంతవరకే. ఎంత వస్తుందన్నదాని మీద అదుపు తప్పితే ఆ అర్హతే ప్రమాదం. ఉంగరపు గవ్వ మోనిటాను పోలి ఉండకపోతే జనం దాన్ని తిప్పికొట్టేవారు, వరద వచ్చేదే కాదు.

నేటి స్థితి

డబ్బు హోదా పోయినా గవ్వ వాడుక పోలేదు. అష్టాచెమ్మాలో వేసిన నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఒక పక్క ఉబ్బు, ఒక పక్క చీలిక ఉన్న వస్తువు పాచికకు బదులు పనికివస్తుంది. ఎల్లమ్మను కొలిచేవారు గవ్వల హారాలు ధరిస్తారు. ఆయుర్వేదంలో గవ్వలను కాల్చి వరాటికా భస్మం చేస్తారు. పర్యాటక కేంద్రాల్లో తెరలు, దండలు, బొమ్మలుగా అమ్ముతారు. ఘనా దేశం 1965లో తన కొత్త కరెన్సీకి గవ్వ పేరు మీద సెడి అని పెట్టుకుంది. నత్త ఇప్పటికీ విరివిగా దొరికే జాతే. దాని నెలవుకు మాత్రం ముప్పు ఉంది. 1998లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి మాల్దీవుల పగడాలు పెద్ద ఎత్తున పాలిపోయి చచ్చిపోయాయి.

మొత్తం మీద తేలేది ఇది. సమాన పరిమాణం, మన్నిక, నకలుకు లొంగకపోవడం అనే గుణాలను నత్త ఇచ్చింది. అవి ఈనాటికీ అలాగే ఉన్నాయి. మితమైన సరఫరాను సముద్రపు దూరం ఇచ్చింది. హాంబర్గు ఓడలు దాన్ని చెరిపేశాయి. గిరాకీని పన్ను పుచ్చుకునే ప్రభుత్వాలు ఇచ్చాయి. ఒడిశాలో కంపెనీ, ఆఫ్రికాలో వలస పాలకులు దాన్ని ఉపసంహరించారు. గవ్వ చెల్లకుండా పోవడం నాగరికత ముందడుగు అనడం సరికాదు. చిల్లర వ్యవహారానికి అది ఆఖరు దాకా సమర్థంగానే పనిచేసింది. దాన్ని రద్దు చేసినప్పుడు నష్టపోయింది వెండి చేతికందని రైతు, గవ్వలు దాచుకున్న సంత మనిషి. డబ్బు మార్పు ఏదైనా దాని ఖర్చు ఎవరి మీద పడిందో చూడకుండా మంచిచెడ్డలు తేల్చలేమనడానికి గవ్వ చరిత్ర ఒక గట్టి ఆధారం.